ఇల్లు కూల్చే ముందు టేపు పట్టండి

పత్తి తీతలు అయిపోయాయి, మిరప కల్లాల్లో ఎండుతోంది. మన గుంటూరు, పల్నాడు వైపు పాత పెంకుటిళ్లు తీసేసి డాబాలు మొదలుపెట్టే కాలం ఇదే. పంట డబ్బు చేతికి రావాలి, తొలకరి పడేలోపు స్లాబు పడాలి. ఈ రెంటి మధ్య దొరికేది మూడు నాలుగు నెలలే. ఆ తొందరలో చాలామంది వదిలేసే పని ఒకటి ఉంది. దాని గురించి కాస్త పెద్ద పోస్టే రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, ఈ ఏడు ఇల్లు కట్టాలనుకునేవాళ్లు మరీ ముఖ్యంగా.

"ఇల్లు మాది, స్థలం మాది, మా తాత కట్టాడు, ఏటా ఇంటి పన్ను కడుతున్నాం. మా స్థలంలో మేం కట్టుకోడానికి మళ్లీ సర్వే ఏంటి?" మనలో ఎవర్ని కదిపినా ఇదే మాట. సచివాలయంలో ప్లాన్‌కి అర్జీ పెట్టినప్పుడో, బ్యాంకులో ఇంటి లోను అడిగినప్పుడో అవతల కుర్చీలో మనిషి "స్థలం కొలతలతో సర్వే స్కెచ్ ఏదండీ?" అంటాడు. అప్పటికి ఇల్లు నేలమట్టం. దూలాలు అమ్మేశాం, పెంకు ఎవరో గొడ్లపాకకి పట్టుకెళ్లారు, మట్టి ట్రాక్టర్లో పొలం డొంకకి తోలేశాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. స్కెచ్ అడగడం తప్పనను. ఇల్లు నిలబడి ఉన్నప్పుడు ఎవరూ చెప్పకుండా, కూలిపోయాక తెమ్మనడం మాత్రం అన్యాయం. అదీ వందేళ్లకి పైగా సర్కారు తాను కొలవని స్థలానికి, ఇప్పుడు రైతుని పటం తెమ్మనడం. ఆ అన్యాయం సరిచేసేదాకా మనం ఊరికే కూర్చోలేం కాబట్టి, గోడ పడకముందే మన కొలత మనం రాసిపెట్టుకోవాలి.

అసలు పటం ఎందుకు లేదో తెలిస్తే సగం కోపం తగ్గుతుంది, మిగతా సగం పెరుగుతుంది. బ్రిటిష్ వాళ్లు సర్వే చేసింది శిస్తు కోసం. శిస్తు పొలం మీద వస్తుంది కాబట్టి పొలాన్ని గొలుసు పెట్టి కొలిచారు. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ప్రతి సర్వే నంబరుకీ ఎఫ్‌ఎంబీలో బొమ్మ గీసి, ఏ గట్టు ఎన్ని లింకులో రాశారు. అందుకే ఇవాళ గట్టు జరిగిందని మీసేవలో ఎఫ్‌లైన్‌కి అర్జీ పెడితే సర్వేయర్ వచ్చి, ఆ లెక్క చూసి రాయి ఎక్కడుండాలో చెప్పగలడు. మనం ఉండే ఊరి మీద వాళ్లకి శిస్తు రాదు. అందుకని ఊరు మొత్తాన్నీ ఒకటో రెండో నంబర్లలో పడేసి, చుట్టూ హద్దు గీసి, ఆర్‌ఎస్‌ఆర్‌లో గ్రామకంఠం అని రాసి ఊరుకున్నారు. లోపల ఎవరి ఇల్లు ఎన్ని గజాలో, ఏ సందు ఎంత వెడల్పో కొలవలేదు.

ఇప్పుడు సర్వేయర్ దగ్గరికి పోయి "మా ఇంటి స్థలానికి హద్దు చూపించు బాబూ" అంటే, అతను పుస్తకం తీసి ఊరి చుట్టూ ఉన్న గీత చూపిస్తాడు. లోపల తెల్ల కాగితం. అతన్ని తిట్టి లాభం లేదు. లేని లెక్కలో నుంచి అతను మాత్రం ఏం తీస్తాడు?

ఆ బయటి గీత కూడా అన్నిచోట్లా సరిగ్గా లేదు. 2015లో అమరావతి కోసం 29 ఊళ్లలో భూమి సమీకరించినప్పుడు, పొలం పూలింగ్‌కి పోతుంది, గ్రామకంఠంలో ఇల్లు మిగులుతుంది అన్నారు. మరి గ్రామకంఠం ఎక్కడిదాకా? ఊరు పెరిగి పక్క సర్వే నంబర్లలోకి ఎప్పుడో వెళ్లిపోయింది. కాగితంలో గీత పాత చోటే ఉంది. ఆ ఒక్క ప్రశ్న మీద ఎన్ని అభ్యంతరాలు, ఎన్ని మీటింగులు జరిగాయో ఆ వైపు చుట్టరికాలున్న వాళ్లకి బాగా తెలుసు.

"మాకు రిజిస్టర్ దస్తావేజు ఉందిగా" అనేవాళ్లు ఉంటారు. సంతోషం. ఒకసారి తీసి హద్దులు చదవండి. తూర్పు ఫలానా వారి ఇంటి గోడ, పడమర బజారు, ఉత్తరం ఫలానా వారి చావిడి, దక్షిణం మా ఉమ్మడి సందు. ఈ మధ్యన ఇన్ని గజాల స్థలం. కోర్టులో హద్దులకీ విస్తీర్ణానికీ పొసగకపోతే మామూలుగా బలం హద్దులకే. 150 గజాలని రాసి ఉన్నా, హద్దుల మధ్య 140 దొరికితే మనది 140. ఇంతకీ ఆ హద్దు ఏంటి? ఫలానా వారి గోడ. ఆయన గోడ ఆయన నిరుడు పడగొట్టాడు, మన గోడ మనం ఈ ఏడు పడగొట్టాం. దస్తావేజులో ఉన్న గోడ భూమ్మీద లేదు. ఇక పంపకాలు నోటిమాట మీదో, పెద్దమనుషుల కాగితం మీదో జరిగిన ఇళ్ల సంగతి చెప్పేదేముంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మనం అక్కడ ఉంటున్నామని చెబుతాయి. ఎంతవరకు మనదో అవి చెప్పవు.

మా పక్క ఊళ్లో ఒక రైతు సంగతి చెబుతా. పేరు అక్కర్లేదు. నాలుగెకరాల సొంతం, కొంత కౌలు. అరవై ఏళ్లనాటి మట్టిగోడల పెంకుటిల్లు, వానొస్తే లోపల గిన్నెలు పెట్టుకునే స్థితి. కూతురి పెళ్లి లోపు డాబా వేద్దామని ఉగాది అయ్యాక పడగొట్టించాడు. పొద్దున జేసీబీ వచ్చింది, మధ్యాహ్నానికి ఖాళీ స్థలం. శంకుస్థాపన అయింది. పునాది తీస్తుంటే పక్క స్థలం ఆయన ఫోన్ చేశాడు. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, వరసకి బాబాయి కొడుకే. "అన్నయ్యా, పునాది రెండడుగులు మా వైపు వచ్చిందంట కదా, ఒకసారి కొలిపించు" అన్నాడు. గొంతు పెంచింది లేదు, మర్యాదగానే అడిగాడు. బ్యాంకుకి పోతే అక్కడా స్కెచ్ అన్నారు. తహశీల్దారు ఆఫీసులో పొజిషన్ సర్టిఫికెట్ అడిగితే, పక్కవాళ్ల అభ్యంతరం ఉందంటున్నారు, అది తేలాలి అన్నారు. ఆ వానాకాలమంతా ఆ ఇంటిల్లిపాదీ గొడ్లచావిడికి పరదా కట్టుకుని కాపురం చేశారు. ఇనుము తడిసి తుప్పు పట్టింది, సిమెంటు బస్తాలు కొన్ని గడ్డకట్టాయి.

చివరికి ఎలా తేలిందంటే, అటు పక్క గోడకి ఆనుకుని పాత ఇంటి పునాది బండలు నాలుగు జేసీబీ పన్నుకి అందకుండా మిగిలాయి. ముసలి మేస్త్రీ ఒకాయన అక్కడ మట్టి తీయించి, బండల వరస చూపించాడు. బాబాయి కొడుకు కూడా వచ్చి చూసి, "సరే అన్నయ్యా, ఇదే హద్దు" అన్నాడు. ఆ నాలుగు బండలూ పోయుంటే ఇవాళ్టికీ కోర్టు చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లేమో.

ఇందులో ఇద్దరిలో ఎవరూ దొంగ కాదు. ఇద్దరూ నమ్మిందే మాట్లాడారు. తేడా ఎక్కడొచ్చిందంటే చూరు దగ్గర. పెంకుటింటికి గోడ ఒకచోట, చూరు ఇంకోచోట. గోడ దాటి రెండు రెండున్నర అడుగులు చూరు బయటికి వస్తుంది. ఆ నీళ్లు పడే నేల ఎవరిది? ఇంటాయన "చూరు నీళ్లు పడేదాకా మాది" అంటాడు. పక్కాయన "గోడ దాకే మీది, చూరు మా స్థలంలోకి రానిచ్చాం" అంటాడు. ఇల్లు ఉన్నంతకాలం ఈ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే చూరు కింద ఎవరూ ఏమీ కట్టలేరు. డాబా వేసేటప్పుడు గోడని చూరు అంచుదాకా జరుపుతాం చూడండి, అప్పుడు పుడుతుంది.

దీనికి చట్టం కూడా ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. స్థలం పక్కవాడిదే అయినా, ఇరవై ఏళ్లు అడ్డూ అభ్యంతరం లేకుండా మన చూరు నీళ్లు అక్కడ పడుతుంటే ఆ పడే హక్కు మనకి వస్తుంది. హక్కు నీళ్లు పడటానికే, నేల మీద కాదు. ఇల్లు కూలిపోయినా, ఇరవై ఏళ్లలోపు అదే చోట, పక్కవాడి మీద అదనపు భారం పడకుండా తిరిగి కడితే ఆ హక్కు మళ్లీ నిలబడుతుంది. చదవడానికి బాగుంది. కానీ "అదే చోట" కట్టామని రేపు ఎవరికి ఎలా చూపిస్తాం? పాత గోడ ఎక్కడుందో కాగితం మీద లేకపోతే చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు డ్రోన్ల సంగతి. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు డ్రోన్ ఎగరేసి ఊళ్లలో ఇళ్ల స్థలాలకి పటాలు తయారుచేయడం, వాటిని బట్టి ప్రాపర్టీ కార్డులు ఇవ్వడం. అదే ఏడాది డిసెంబరులో మన రాష్ట్రంలో రీసర్వే కూడా మొదలైంది. గ్రామకంఠానికి మొదటిసారి లోపలి పటం రాబోతోంది కాబట్టి నేను దీనికి వ్యతిరేకిని కాదు. రీసర్వేలో పొలాల విస్తీర్ణం తగ్గిందని గోల పెట్టినవాళ్లలో న్యాయం ఉంది, అయినా ఇళ్ల స్థలాలకి అసలు పటమే లేకపోవడం కంటే తప్పులు దిద్దుకోగలిగిన పటం ఉండటం నయం.

అయితే డ్రోన్ పైనుంచి చూస్తుంది. దానికి కనిపించేది పెంకు, చూరు, రేకు, చెట్టు కొమ్మ. గోడ కనిపించదు. అందుకే ఎగరేసే ముందు నేల మీద సున్నంతో హద్దులు గీయమంటారు. ఆ గీత ఎవరు గీస్తే అదే హద్దు. మనం పొలంలో ఉండి, పక్కవాడు దగ్గరుండి గీయించాడనుకోండి, ఆ పటంలో అతని మాటే ఉంటుంది. వీధి వైపు అరుగు సంగతీ అంతే. అరుగు మీద మూడు తరాలు కూర్చున్నాం. సున్నం గీత అరుగు బయట పడిందా, గోడకి పడిందా? గోడకి పడితే అరుగు బజారుదైపోయింది. మీ ఊళ్లో డ్రోన్ తిరిగి ఉంటే, సచివాలయంలో మీ ఇంటి పటం చూడమని అడగండి. అభ్యంతరం చెప్పుకోడానికి గడువు ఉంటుంది, నోటీసు బోర్డు మీద అంటించి ఊరుకుంటారు, మనం ఆ గడప తొక్కేది పింఛనుకో సర్టిఫికెట్‌కో మాత్రమే.

కొలత ఎలా తీయాలో కూడా రాస్తా, ఎందుకంటే తీసేవాళ్లు కూడా సగమే తీస్తున్నారు. నాలుగు వైపులా టేపు పెట్టి పొడవూ వెడల్పూ రాసుకుంటే సరిపోదు. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన స్థలం ఆకారం తేలదు, మంచం కోళ్లు వదులైతే మంచం పక్కకి ఒరిగినట్టు స్థలమూ ఒరుగుతుంది. 30 అడుగులు, 40 అడుగుల స్థలం సరిగ్గా మూలమట్టానికి ఉంటే ఐమూల కొలత, మేస్త్రీలు క్రాస్ అంటారే, అది 50 రావాలి. అవే భుజాలు ఉండి, ఒక క్రాస్ 46 వచ్చిందనుకోండి. విస్తీర్ణం 1200 నుంచి సుమారు 1184 చదరపు అడుగులకి తగ్గుతుంది, రెండు గజాలు కూడా తేడా లేదు. కానీ మూల మాత్రం దాదాపు ఐదడుగులు పక్కకి జరిగి ఉంటుంది. గజాల లెక్క చూసుకుని సరిపోయిందనుకునేవాళ్లు కింద పడేది ఇక్కడే. రెండు క్రాసులూ రాసుకోండి.

ఇంటి మూలల్ని కదలని వాటితో కలిపి కొలవడం ఇంకా ముఖ్యం. గుడి ప్రహరీ మూల, ఊరి నుయ్యి ఒర, రచ్చబండ, బడి గోడ, ఏది పాతికేళ్లు కదలదో అది. మన ఇంటి ప్రతి మూల నుంచీ అలాంటి రెండు గుర్తులకి దూరం రాసుకుంటే చాలు, రేపు ఇల్లు లేకపోయినా ఆ రెండు గుర్తుల నుంచి తాళ్లు లాగితే మూల ఎక్కడో దొరుకుతుంది. కరెంటు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకోకండి, అది మన కంటే ఎక్కువ తిరుగుతుంది. ఫోన్లో లొకేషన్ కొట్టి సంతృప్తి పడకండి, ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, మన తగాదా రెండడుగుల మీద.

గోడ మందం కూడా రాయాలి. పాత మట్టిగోడ అడుగున్నర, రెండడుగులు ఉంటుంది. అది ఉమ్మడి గోడ అయితే సగం మనది. అడుగున్నర గోడలో సగం 9 అంగుళాలు, 40 అడుగుల పొడవున అది 30 చదరపు అడుగులు, అంటే మూడు గజాల పైమాట. అన్నదమ్ములు నిట్టనిలువునా పంచుకున్న ఇళ్లలో ఒకరు తన సగం పడగొట్టేటప్పుడు మధ్యగోడ సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఎవరి దూలాలు అందులోకి దిగాయో, గోడ తీస్తే రెండోవాళ్ల కప్పు నిలబడుతుందో లేదో. ఇక్కడ హద్దు కంటే ముందు ప్రాణం సంగతి వస్తుంది.

చూరు అంచు, గోడ, అరుగు, మెట్లు, నీళ్ల తూము అన్నిటినీ ఒకే కాగితం మీద విడివిడిగా గీయించి, టేపు పట్టి ఉండగా ఫోటోలు తీసి, నాలుగు వైపులవాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. ఉన్న హద్దు ఇదీ అని ఒప్పుకునే కాగితం ఇది. కొత్తగా రెండడుగులు ఇచ్చిపుచ్చుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. సొంత మేస్త్రీ కొలతకి ప్రభుత్వ ముద్ర ఉండదు నిజమే. కానీ లైసెన్సు ఉన్న ఇంజినీరు ప్లాన్ గీయాలన్నా, సర్వేయర్ వచ్చి చూడాలన్నా చేతిలో ఈ కాగితం ఉండటం వేరు, ఖాళీ స్థలం చూపించడం వేరు. గోడలు తీసినా మూల బండలు మాత్రం ప్లాన్ చేతికొచ్చేదాకా కదపొద్దని జేసీబీ అబ్బాయికి చెప్పండి. వాళ్లకి గంట లెక్క, మనం చెప్పకపోతే అడుగుదాకా గీకేస్తారు.

సంతకాల దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. "ఏరా, మన మధ్య కొలతలేంట్రా, నీకు నామీద అనుమానమా?" అని పెదనాన్న అంటే ఏం చెబుతాం? మన ఊళ్లలో టేపు పట్టడం అంటే తగాదాకి తాంబూలం ఇచ్చినట్టే చూస్తారు. ఈ మొహమాటం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. రేపు శుభానికీ అశుభానికీ ముందు వచ్చేది ఆ పెదనాన్నే. అయితే పెదనాన్న ఉన్నాడు కాబట్టే ఇవాళ కొలవాలి. గోడ ఎవరు కట్టారో, చూరు కింద కాలవ ఎందుకు వదిలారో ఆయనకి తెలుసు. ఆయన తర్వాత బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న ఆయన మనవడితో మనం మాట్లాడాలి, ఆ కుర్రాడికి గూగుల్ మ్యాప్ తప్ప ఊరు తెలియదు. "పెదనాన్నా, అనుమానం కాదు, బ్యాంకువాళ్లు అడుగుతున్నారు" అని బ్యాంకు మీద తోసేయండి, పోయేదేం లేదు.

ఇళ్ల పథకం కింద కట్టుకునేవాళ్లకి ఇంకో మెలిక. ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్‌లో మంజూరుకి ముందే పాత ఇంటినీ, కొత్త ఇల్లు కట్టే స్థలాన్నీ అక్కడికొచ్చి ఫోటో తీసి జియోట్యాగ్ చేస్తారు. పేరు జాబితాలో ఉంది కదా అని ముందే పడగొడితే, ఫోటో తీయడానికి పాత ఇల్లు ఉండదు. పైన చెప్పినట్టు ఆ జియోట్యాగ్ మన హద్దుకి సాక్ష్యం కూడా కాదు, అక్కడ ఇల్లు ఉందని చెప్పడానికే పనికొస్తుంది.

ఇదంతా రైతు నెత్తినే వేయడం నాకు సమ్మతం కాదు. సచివాలయ వ్యవస్థలో సర్వేయర్ పోస్టు ఉంది, ఇంజినీరింగ్ అసిస్టెంట్ పోస్టు ఉంది. ఇల్లు కూల్చబోతున్నానని ఒక అర్జీ పెడితే వారం పది రోజుల్లో వాళ్లిద్దరూ వచ్చి, నిలబడి ఉన్న గోడలు కొలిచి, పక్కవాళ్లకి నోటీసు ఇచ్చి, బయట ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోన్లో చెప్పి, ఆ స్కెచ్ పంచాయతీ రికార్డులో పెట్టాలి. ఫీజు లేకుండా. పటం లేకపోవడం ఆ రైతు చేసిన పని కాదు కదా. ఇప్పుడు కూడా ప్లాన్‌కి వచ్చినవాడిని స్కెచ్ అడుగుతూనే ఉన్నారు, ఆ పని నాలుగు వారాలు ముందుకి జరపమంటున్నా, అంతే. ఊళ్లో ఇల్లు పడగొట్టబోతున్నారని తెలియక కాదు. జేసీబీ సచివాలయం ముందు నుంచే వెళ్తుంది.

వచ్చే గ్రామసభలో మా పంచాయతీలో ఇదే అంశం తీర్మానం కింద పెట్టమని కార్యదర్శి గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. తీర్మానం పెట్టినంత మాత్రాన సర్వేయర్ వస్తాడని కాదు, పై ఆఫీసులో అడగడానికి ఒక కాగితం ఉంటుంది. మీ ఊళ్లో గ్రామకంఠం కొలత అయిందా, అయితే గీత గోడకి గీశారా చూరుకి గీశారా, కార్డులు చేతికొచ్చాయా, కాస్త రాయండి. కార్డు చేతికొచ్చినవాళ్లు ఎవరైనా దాంతో బ్యాంకుకి వెళ్లి ఉంటే, లోను ఇచ్చారో లేదో అది మరీ ముఖ్యంగా చెప్పండి.